మంత్రి వస్తున్నాడని పేపర్లో పడింది

ఆ ఉదయం మార్కండేయ పంతులు అనుకున్నది చాలా చిన్న పని. టీ తాగి, వరండాలో తన కుర్చీలో కూర్చొని, రోజూలాగే అందరికీ పేపరు చదివి వినిపించడం. కానీ ముఖం కడుక్కుంటూ కండ్లద్దాలు పీట మీద పెట్టి, తుడుచుకుంటూ అదే పీట మీద కూర్చున్నాడు. ఫ్రేము బతికింది. అద్దాలు రెండూ పొడైపోయాయి.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీది ఆ వృద్ధాశ్రమంలో అన్నం ఆలస్యమైతే ఊరుకుంటారు గానీ వార్తలు ఆలస్యమైతే ఊరుకోరు. ఒక్కపూట చదవడం మానితే కుర్చీ ఇంకొకరికి పోతుందని కట్టుబాటు. ఆ కుర్చీ కోసం ఖుర్షీద్ బేగం ట్రాన్సిస్టర్ చంకలో పెట్టుకొని కాచుకొని ఉంది. ఆమెకు ఉర్దూ తప్ప చదవడం రాదు, వచ్చేది తెలుగు పేపరు. అందుకే పేపరంటే నిన్నటి కూర, రేడియో అంటే ఇయ్యాల్టి కూర అని ఆమె వాదన. మిగతావాళ్లలో కొందరికి చదువు రాదు, కొందరికి చూపు ఆనదు. పంతులుకు మాత్రం బడి వదిలాక తన మాట నలుగురు వినే చోటు ఆ కుర్చీ ఒక్కటే. అది పోతే ప్రాణం పోయినట్టే.

అందుకని ఉత్త ఫ్రేము ముక్కు మీద పెట్టుకొని, మసకమసకగా కనబడుతున్న పేపరు విప్పి, గొంతు సవరించుకొని, ఉల్లిగడ్డ ధర తగ్గిందని చదివాడు. వరండా అంతా సంబరపడింది. సర్కారును నమ్మని ఆశన్న సైతం ఇదొక్కటి మంచి పని చేసిన్రని ఒప్పుకున్నాడు. చదవడం కాగానే పేపరు వంటింట్లోకి పోయింది. దాని మీద వంటమనిషి గంగామణి సొరకాయ తరగడం కూడా అక్కడి కట్టుబాటే.

కడుపునొప్పి వంకతో కామారెడ్డి వెళ్లొస్తే, కొత్త అద్దాలకు వారం పడుతుందన్నాడు దుకాణం మనిషి. ఇంకేం చేస్తాడు పాపం? రోజుకో శుభవార్త కల్పించాడు. ఒకరోజు గౌరవ్వ గడ్డం కింద చెయ్యి పెట్టుకొని, "పంతులూ, మా అసొంటి ముసలోళ్ల ముచ్చట పేపర్ల ఎన్నడన్న రాస్తరా?" అని అడిగింది. పంతులు మనసు కరిగిపోయింది.

"ఎందుకు రాయరు? మంత్రి ముసలోళ్ల ఆశ్రమాలు చూడనీకి తిరుగుతుండట. మన దిక్కు గూడ వస్తడట."

అనేసి, ఓరకంట ట్రాన్సిస్టర్ వైపు చూశాడు. ఖుర్షీద్ బేగం ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకొని కాసేపు కండ్లు మూసుకుంది. ఇక అయిపోయింది నా పని అనుకున్నాడు పంతులు.

"హా, రేడియోల గూడ చెప్పిన్రు," అంది బేగం. "ఎల్లుండి. జీపుల వస్తడట."

పంతులు నోరు తెరిచాడు. తాను ఆడిన అబద్ధం నిజంగానే నిజమైంది. కొంచెం గర్వం కూడా కలిగింది.

మేనేజర్ యాకూబు పేపరు చూపించమన్నాడు. అప్పటికే దాని మీద సొరకాయ తొక్కలున్నాయి. రేడియోలో కూడా వచ్చిందన్నారు కాబట్టి పేపరుతో పనేముందని గోడలకు సున్నం వేయించి, కామారెడ్డి నుంచి బంతిపూల దండ తెప్పించాడు. గంగామణి సకినాలు చుట్టింది. మంత్రిని ముందు ఏమడగాలి, ఉరిసే కప్పు గురించా, బావి గిరక గురించా అని వరండాలో రెండు పార్టీలయ్యాయి. ఆ పంతంలో ఆశన్న ఒక పూట అన్నం మానేశాడు. స్వాగతపత్రం యాకూబు రాశాడు. చదవాల్సింది మాత్రం పంతులే.

ఎల్లుండి సాయంత్రం నిజంగానే జీపు వచ్చి గేటు ముందు ఆగింది. దిగిన మనిషి నోరు తెరిచేలోపే మెడలో దండ పడింది, చేతిలోకి సకినాల పళ్లెం వచ్చింది. ఆయన ఏదో చెప్పబోయినప్పుడల్లా చప్పట్లు మోగాయి. పంతులు స్వాగతపత్రం ఎత్తి పట్టుకొని, తోచింది చదవసాగాడు. ఇంతలో ఒక ఈగ వచ్చి పంతులు కనురెప్ప మీద వాలింది. పంతులు ఫ్రేములోంచి వేలు పెట్టి కన్ను నలుపుకున్నాడు.

చప్పట్లు ఆగిపోయాయి.

"పంతులూ, అద్దాలేవి?" అన్నాడు యాకూబు.

"పలిగినయి. కుర్చీ పోతదని చెప్పలే," అన్నాడు పంతులు తల వంచుకొని. "గప్పటి సంది అన్నీ నేను కల్పించినయే."

"మరి రేడియో గూడ చెప్పె గద," అన్నాడు ఆశన్న.

అందరూ బేగం వైపు తిరిగారు. ఆమె ట్రాన్సిస్టర్ గుండెకు హత్తుకుంది. గౌరవ్వ మెల్లగా లాక్కొని వెనక మూత తీసింది. లోపల సెల్లులే లేవు.

"పంతులు సాబ్ చెప్పిన వార్త నాకు తెల్వదని ఎట్లంట?" అంది బేగం. "నా ఇజ్జత్ ఉండదా?"

పంతులు బేగం వైపు చూశాడు, బేగం పంతులు వైపు చూసింది. ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ వరండా మొత్తం పొట్టలు పట్టుకుంది. దండ వేసుకున్నాయన అప్పుడు, తాను పశువుల డాక్టరునని, ఎల్లారెడ్డి పోతుంటే ఇంజను కాగి నీళ్ల కోసం ఆగానని చెప్పుకోగలిగాడు. గౌరవ్వ ఆయన పళ్లెంలో ఇంకో సకినం వేసి, మోకాళ్ల నొప్పులకు పశువుల మందు పనిచేస్తుందా అని అడిగింది.

కొత్త అద్దాలొచ్చాయి, కొత్త సెల్లులూ వచ్చాయి. పంతులు నిజం పేపరు చదివాడు. ధరలు పెరిగాయి, బస్సులు బంద్, ఎక్కడో కరువు. రేడియో కూడా అవే చెప్పింది. వరండాలో ఒక్కరి ముఖంలో కళ లేదు.

"పంతులూ," అంది గౌరవ్వ, "గా అద్దాలు తీసి సదువు."

ఖుర్షీద్ బేగం రేడియో కట్టేసింది. పంతులు అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఉల్లిగడ్డ ధర మళ్లీ తగ్గింది.