మంచానికి గురి

శనివారం పొద్దున లేస్తూనే షూటింగ్ క్లబ్బు స్టోర్‌కీపర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం లోపల ఆరు స్టాండ్లు చేసి, క్లబ్బు వ్యాన్‌లో ఎక్కించి, హాయిగా ఓ కునుకు తీయాలి. మర్నాడు క్లబ్బులో రైఫిల్ పోటీ. గురి కాగితాలు అంటించే అట్టలను నిలబెట్టే పాత స్టాండ్లు గుళ్లు తగిలి తగిలి జల్లెడలైపోయాయి. కొత్తవి కొందామనేసరికి సెక్రటరీ మొహం మాడిపోయింది. ఆ మొహం చూడలేక, "ఇంట్లో పాత కర్రలతో నేనే చేసేస్తానండీ" అని మీటింగులో నోరు జారింది స్టోర్‌కీపరే. అతని ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకో నెల ఉంది మరి.

"పాత కర్రలు ఎక్కడున్నాయే?" అని భార్యను అడిగాడు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి ఆలస్యమై ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోదాని కోసం మంచం కింద వెతుకుతోంది.

"మెట్ల కింద పాత మంచం ఉందిగా. విరగ్గొట్టుకోండి, అడ్డం వదులుతుంది" అని, రెండో చెప్పు దొరకగానే బస్సు కోసం పరుగెత్తింది.

మెట్ల కింద గోనెపట్టా కప్పిన మంచం ఉంది. పట్టా తీసి లెక్కపెడితే సరిగ్గా పన్నెండు బద్దలు. స్టాండుకు రెండేసి చొప్పున ఆరు స్టాండ్లకు కొలిచి పెట్టినట్టున్నాయి. పైగా తలవైపు పలక మీద వరసగా ఆరు చిలకలు చెక్కి ఉన్నాయి. దాన్ని చిలకకో ముక్క చొప్పున కోస్తే, బద్దల్ని పైన కలిపే అడ్డకర్రలు కూడా వచ్చేస్తాయి. కోళ్లూ పట్టెలూ ముక్కలు చేసి కింద పీటలుగా బిగించాడు. కర్ర ఎంత గట్టిదంటే రంపం పళ్లు రెండు ఊడాయి. 'మా ఆవిడ పుట్టింటివాళ్లు ఇంత మంచి మంచం ఇచ్చారా!' అని పెళ్లయిన ఎనిమిదేళ్లకు మొదటిసారి మామగారి మీద అతనికి గౌరవం పుట్టుకొచ్చింది.

స్టాండ్లు వ్యాన్ ఎక్కాయి. కునుకూ తీశాడు. సాయంత్రం భార్య డ్యూటీ దిగి వచ్చి మెట్ల దగ్గర ఆగిపోయింది.

"ఏవండీ, మన మంచం ఇక్కడే ఉందే? దేంతో చేశారూ?"

వాళ్ల మంచం లోపలగా గోడకు ఆనించి, కాళ్లు పైకెత్తుకుని నిలబడి ఉంది.

"ముందు ఇంకోటి ఉందిగా... చిలకలది" అన్నాడు స్టోర్‌కీపర్.

ఆవిడ మెట్టు మీద కూలబడింది. "అయ్యో రామా! అది హెడ్‌మాస్టరమ్మ గారిదండీ! వాళ్ల నాన్నగారు చేయించింది. వాళ్లన్నయ్య వచ్చినప్పుడల్లా అదే వేస్తారు."

"ఎప్పుడొస్తాడాయన?"

"రేపే."

హెడ్‌మాస్టరమ్మ అంటే ఇంటి యజమానురాలు. బడి నుంచి రిటైరై పదేళ్లయినా ఆవిడ గుమ్మంలోకి వస్తే అద్దెకున్నవాళ్లు ఇప్పటికీ చేతులు వెనక్కి కట్టుకుంటారు. చెప్పుల చప్పుడు వినిపించి స్టోర్‌కీపర్ తిరిగి చూసేసరికి, చేతిలో దులుపుడు గుడ్డతో ఆవిడే వస్తోంది.

"కాస్త తప్పుకో బాబూ, మంచం దులపాలి."

"చెదలండీ!" ఆ మాట ఎక్కణ్నించి ఊడిపడిందో అతనికే తెలియదు. "మంచానికి చెదలు పట్టాయండీ. మందు పూసి మా క్లబ్బులో ఎండబెట్టించాను. మూడు రోజులు ముట్టుకోకూడదుట."

ఆవిడ మొహం చూస్తే, గండం గట్టెక్కినట్టే అనిపించింది అతనికి. "మంచిపని చేశావయ్యా" అంది కూడా. కానీ బడి నడిపిన మనిషి సగం పనితో ఊరుకుంటుందా? 'మంచానికి పట్టినవి ఇంటికి పట్టవా?' అనుకుని, తిన్నగా వెళ్లి చెదలమందు కొట్టేవాడికి ఫోన్ చేసింది.

ఆదివారం పొద్దున్నే వాడు డబ్బాలతో దిగాడు. "సాయంత్రం దాకా ఇంట్లో పురుగు కూడా ఉండకూడదు. మనుషులు అసలే ఉండకూడదు" అని అందర్నీ బయటికి తోలాడు. బీరువాలు, పరుపులు, గిన్నెలు సమస్తం వరండాలోకి వచ్చాయి. సరిగ్గా అప్పుడే పెట్టెతో దిగాడు హెడ్‌మాస్టరమ్మ అన్నయ్య. ఆయన రిటైరైన సర్వేయరు.

"ఇప్పుడెక్కడ కూచుంటామే చెల్లాయ్?" అన్నాడు ఆ సామాను చూసి.

"ఎక్కడో ఎందుకు? మన మంచం వీళ్ల క్లబ్బులో ఉంది. పోటీ కూడా ఉందట. పోయి చూసొద్దాం" అంది ఆవిడ.

స్టోర్‌కీపర్ ఆవిడకు అడ్డం వచ్చాడు. "అక్కడంతా చప్పుడండీ, తలనొప్పి వస్తుంది" అన్నాడు.

"ముప్ఫయ్యేళ్లు బళ్లో పనిచేశానయ్యా. నాకు చప్పుడేమిటి?"

వాళ్లకంటే ముందు చేరాలని అతను సైకిల్ మీద పడ్డాడు. క్లబ్బులో కాలు పెడుతూనే గోధుమరంగు కాగితమూ జిగురుడబ్బా పట్టుకుని స్టాండ్ల దగ్గరికి పరుగెత్తి, చిలకల మీద అంటించడం మొదలుపెట్టాడు. మూడు చిలకలు మాయమయ్యాయి. నాలుగోదానికి జిగురు పూస్తుండగా విజిల్ మోగింది.

"గీత ముందు ఎవరూ ఉండకూడదు! స్టోర్‌కీపర్, వెనక్కి రావయ్యా!" అని అరిచాడు పోటీ నడిపే రేంజి అధికారి.

గుళ్లకు ఎదురు నిలబడేంత ధైర్యం అతనికి లేదు. జిగురు చేతులతో వెనక్కి వచ్చేసరికి అన్నాచెల్లెళ్లు బెంచీ మీద సర్దుక్కూర్చున్నారు. పెద్దమనిషి కదా అని సెక్రటరీ స్వయంగా సర్వేయరు గారి ముందు టెలిస్కోపు పెడుతున్నాడు. ఆయన జన్మంతా అలాంటి గొట్టంలోంచే లోకాన్ని చూశాడు. చటుక్కున కన్ను ఆనించి, మర తిప్పి, కదలకుండా ఉండిపోయాడు.

"చెల్లాయ్, ఆ కర్ర మీద చిలక చూడు. మన నాన్న మంచం చిలకలా లేదూ?"

హెడ్‌మాస్టరమ్మ గొట్టంలోకి వంగింది. అదే క్షణంలో పోటీకొచ్చిన పళ్ల డాక్టరొకాయన ట్రిగ్గర్ నొక్కాడు. క్లబ్బులో ఆయన గురి సంగతి అందరికీ తెలుసు. అట్టకు తగలడమే గొప్ప. ఢామ్మంది. చిలక తల ఎగిరిపోయింది.

ఆవిడ గొట్టం మీంచి కన్ను తీయలేదు. స్టోర్‌కీపర్‌కి ఒక్కసారిగా ఉద్యోగం పోయినట్టు, ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు కళ్లకు కట్టింది. జిగురు చేతులే జోడించాడు. అవి అతుక్కుపోయాయి.

"అమ్మా, తప్పయిపోయింది. చెదలూ లేవు, మందూ లేదు. మాదనుకుని నేనే కోసేశాను."

ఆవిడ అతని వంక చూడనేలేదు. అన్నయ్య వైపు తిరిగి, "అన్నయ్యా, మనసు కష్టపెట్టుకోకు" అంది మెల్లిగా.

"నాకేం కష్టం? నీకెంత కష్టమోనని చూస్తున్నా."

"నాకా?"

"నీక్కాకపోతే ఎవరికే? ఆ మంచం మీద పడుకున్న మర్నాడు నేను నిటారుగా నడవడం ఎప్పుడైనా చూశావా? నాన్న గుర్తని నువ్వు అంత ఆపేక్షగా వేస్తావు. కాదనలేక ఇన్నేళ్లూ నడుం పట్టుకు తిరిగాను."

"నువ్వు ముచ్చటపడతావని కదా నేను దాన్ని కాపాడుతూ వచ్చింది! నాకైతే అది అడ్డం తగిలి మోకాలు పగలని నెల లేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు హెడ్‌మాస్టరమ్మ నవ్వింది. అద్దెకున్నవాళ్లెవరూ ఎరగని నవ్వు అది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "డాక్టరు గారూ, పక్కన ఇంకో చిలకుంది. దాని పని కూడా చూడండి!" అని కేకేసింది. రేంజి అధికారి గుర్రుగా చూశాడు. పళ్ల డాక్టరు మాత్రం ఆడవాళ్ల మాట తీసేయలేక శ్రద్ధగా చిలకకే గురిపెట్టాడు. గుండు వెళ్లి కాగితం నడిమధ్య చుక్కలో దిగింది. ఆయన జన్మలో అదే మొదటిసారి.

పోటీ ముగిశాక సెక్రటరీ స్టాండ్లను తట్టి చూసి, "రాయిలా ఉన్నాయయ్యా! వచ్చే నెలకి ఇంకో పన్నెండు కావాలి" అన్నాడు.

స్టోర్‌కీపర్ ఇంకా నీళ్లలో నానబెట్టి చేతులు విడదీసుకుంటున్నాడు. హెడ్‌మాస్టరమ్మ దగ్గరికి వచ్చి అడిగింది. "మా అత్తగారి బీరువా ఒకటుంది బాబూ. దాన్లో ఎన్నొస్తాయంటావ్?"

అతను చేతులు తుడుచుకుని, ముందుగా ఒక తెల్లకాగితం తెచ్చి, 'బీరువా నాదే, కోసుకోవచ్చు' అని రాసి ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నాడు.