నడిచిన ట్రాఫిక్ జామ్

రహదారుల ఆఫీసు ఇంజినీరుగారు ఆ ఉదయం చెప్పులేసుకుంటూనే భార్యకు అభయమిచ్చాడు. "ఇవాళ నువ్వు టైముకి చేరకపోతే నా పేరు మార్చుకుంటా. ఫోనుకి వచ్చే నా మెసేజ్ ఏ దారి చెబితే ఆ దారిన వెళ్లు, అంతే."

ఆవిడకది మూడో డ్రైవింగ్ పరీక్ష. రెండుసార్లూ బండి వెనక్కి నడపడంలోనే తప్పింది. ఇంటింటికీ తిరిగే నర్సు ఉద్యోగం నోటిదాకా వచ్చి లైసెన్సు లేక ఆగింది. అది చూపించడానికి ఇవాళే గడువు.

ఆయన కొత్త పథకమూ ఇవాళే మొదలు. బళ్లకు చిన్న పెట్టెలు బిగిస్తారు. అవి ఎక్కడ నత్తనడక నడిస్తే అక్కడ రోడ్డు పని వల్ల రద్దీ ఉందని కంప్యూటర్ పసిగట్టి, డ్రైవర్లందరికీ వేరే దారి చెబుతుంది. "ముందు మన ఆఫీసులో చక్రమున్న ప్రతిదానికీ బిగించండి" అని హుకుం వేసింది ఆయనే.

ఆఫీసులో కూర్చోగానే తెరమీద పెద్ద రోడ్డు ఎర్రబడింది. అందరూ సందులోంచి వెళ్లాలని ఊరంతటికీ మెసేజ్ వెళ్లింది. ఇంజినీరు మురిసిపోయాడు. కాసేపటికి ఆ ఎరుపు కాస్త ముందుకు జరిగింది. మళ్లీ జరిగింది. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఏమయ్యా, ట్రాఫిక్ జామ్ నడుస్తుందా?"

ఆపరేటర్ తెరకు ముక్కు ఆనించి చూశాడు. "ఏదో పనిమీదే వెళ్తున్నట్టుందండీ."

ఇంతలో భార్య పక్కన కూర్చున్న మామగారి ఫోను. "అల్లుడుగారూ, మీ మాట నమ్మి సందులో దూరాం. ఊరంతా ఇక్కడే ఉంది!"

ఫోనులోనే ఆయన పక్క నుంచి భార్య గొంతు. "నా ఉద్యోగం మట్టిపాలు చేశారు కదండీ!"

ఇంజినీరు కిటికీలోంచి తొంగిచూశాడు. ఎదురుగా ఖాళీ పెద్ద రోడ్డు మధ్యన రోడ్డు రోలర్ ఒక్కటే, నుదుటిమీద కొత్త పెట్టెతో, పెళ్లికొడుకులా పోతోంది.

"ఓరి నాయనో! రోలర్‌కి కూడా బిగించారా?"

"చక్రాలున్నాయి కదండీ," అన్నాడు ఆపరేటర్.

"మామగారూ, పెద్ద రోడ్డు ఖాళీ! బండి వెనక్కి తీయించండి!"

"ఆ విద్యే కదయ్యా దానికి రానిది!"

సందులో చివరి బండి వాళ్లదే. ముందు కారు పెద్దమనిషి దిగొచ్చి, "అమ్మా, మీరు తీస్తేగానీ నేను బయటపడను" అని మొత్తుకున్నాడు. ఆవిడ మొగుణ్ని తిట్టుకుంటూ స్టీరింగ్ పట్టుకుంది. ఒక పక్క గోడ, ఒక పక్క కరెంటు స్తంభం. తిట్లు అయిపోయేసరికి కారు గీత పడకుండా రోడ్డెక్కింది.

"భేష్! ఎక్కడికమ్మా ఇంత హడావిడిగా?" అన్నాడు పెద్దమనిషి.

"డ్రైవింగ్ పరీక్షకండీ. టైము దాటిపోయింది, ఇంకెక్కడి పరీక్ష!"

"కొత్తగా బదిలీ మీద వచ్చాను, ఆ పరీక్ష పెట్టాల్సింది నేనే. వెనక్కి నడపడం అయిపోయింది, పదండి, మిగతాది చూద్దాం."

సాయంత్రం లైసెన్సు చూసి ఇంజినీరు మీసం దువ్వాడు. "చూశావా, నా మెసేజే నిన్ను గట్టెక్కించింది!"

"టైముకి మాత్రం చేరలేదండీ. ఊళ్లో టైముకి చేరింది రోలర్ ఒక్కటే. పేరు మార్చుకుంటానన్నారుగా, ఆ పేరే పెట్టుకోండి."

మర్నాటి నుంచి మామగారు కూడా అల్లుడుగారూ అనడం మానేశారు.