ఏమీ జరగని పందెం

ఆ రోజు ఏమీ జరగదని పొద్దున్న కాఫీ తాగుతూనే జాగ్రత్తరావు తేల్చేశాడు. ఆఫీసుకి సెలవు పెట్టింది కూడా అందుకే. ఏమీ జరగకుండా దగ్గరుండి చూసుకోవాలి కదా.

జాగ్రత్తరావు అతని అసలు పేరు కాదు. బీమా ఆఫీసులో ఏ గోదాము అంటుకునే అవకాశం ఎంత, ఏ లారీ బోల్తా పడే అవకాశం ఎంత అని అంచనా కట్టడం అతని ఉద్యోగం. ఆ ఉద్యోగాన్ని సాయంత్రం చెప్పులతోపాటు గుమ్మం బయట వదలకుండా ఇంట్లోకి తెచ్చుకుంటాడని భార్య పెట్టిన పేరు అది. నాలుగు రోజుల్లో వీధంతా పాకింది.

ఈమధ్యే అతని తండ్రి గుండెకి చిన్న మరమ్మతు జరిగింది. పై అంతస్తులో ఉండే డాక్టరమ్మ, "అన్నీ తినచ్చు, మెల్లిగా నడవచ్చు. ఉద్వేగం మాత్రం వద్దు" అని చెప్పింది. ఆ ఒక్క మాట పట్టుకుని జాగ్రత్తరావు బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఇంట్లోంచి ఉద్వేగాన్ని ఏరడం మొదలుపెట్టాడు. కాలింగ్ బెల్ తీయించాడు. పేపరు ముందు తను చదివి, ప్రమాదాల పేజీ తీసేసి తండ్రికి ఇచ్చేవాడు. కూత పెడుతుందని కుక్కర్ని అటక మీదికి ఎక్కించాడు. ఆస్పత్రి వరండాలో కూర్చున్న ఆ రాత్రి తనకెంత భయం వేసిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పడం చేతకాక ఇవన్నీ చేస్తున్నాడని భార్యకి తెలుసు. అందుకే కుక్కరు గురించి కూడా ఏమీ అనలేదు.

ఇక మిగిలింది సైకిలు పందెం. ఏటా వేసవిలో వారాల తరబడి, రోజుకో ఊరి నుంచి ఇంకో ఊరికి సాగే పెద్ద పందెం అది. తండ్రి దాన్ని టీవీలో ఒక్క రోజు కూడా మానడు. కొండదారులున్న రోజుల్ని జాగ్రత్తరావు ముందే నిషేధించాడు. ఈ రోజు దారంతా చదునే.

"చదును దారిలో ఏం జరుగుతుందో పొత్తిళ్ళలో బిడ్డ కూడా చెప్తుంది," అని భార్యకి వివరించాడు. "మొదట్లోనే నలుగురు ఉత్సాహంకొద్దీ ముందుకెళ్ళిపోతారు. ఎదురుగాలంతా వాళ్ళకే. వెనకాల గుంపు ఒకరి చాటున ఒకరు దాక్కుంటూ తీరిగ్గా వస్తుంది. ఊరు దగ్గరపడేసరికి ఆ నలుగుర్నీ మింగేస్తుంది. చివర్లో ఎక్స్‌ప్రెస్ అని ఒకడున్నాడు, వాడు ఒక్క ఉదుటున దూసుకొచ్చి గెలుస్తాడు. నిద్రమాత్రలాంటి పందెం."

"మరి ఆ చివరి ఉదుటు?"

"అది నాన్న చూడడు. సరిగ్గా అప్పటికి కరెంటు పోతుంది."

"పోతుందని మీకెలా తెలుసు?"

"తీసేది నేనే కనక."

"టీవీ కట్టేస్తే పోలా?"

"కట్టేస్తే గొడవ పడతాడు. గొడవ కూడా ఉద్వేగమే."

కరెంటు పోయాక తండ్రికి చెప్పాల్సిన మాట కూడా సిద్ధంగా ఉంది: "ఎక్స్‌ప్రెస్సే గెలిచాడు నాన్నా." ఎలాగూ జరగబోయేది అదే కాబట్టి అందులో అబద్ధమేమీ లేదనుకున్నాడు. అయినా మంచిదని, పందెం ముగిసే వేళకి వచ్చి నాడి చూడమని డాక్టరమ్మకి చెప్పి ఉంచాడు.

అతని అంచనాలో ఇమడనివాడు ఒక్కడే, కింది దుకాణం టైలరు. మెడలో టేపు, ముక్కు కింద వీధి మొత్తానికి సరిపడేంత మీసం. చదును దారి వచ్చినప్పుడల్లా టైలరు ఎక్స్‌ప్రెస్ పక్షం, తండ్రి ముందుకెళ్ళినవాడి పక్షం. ఎన్నో ఏళ్ళుగా తండ్రి ఓడిపోతూనే ఉన్నాడు.

"ఏం పెద్దాయనా, ఈసారీ దొరికిపోయేవాడేనా మీవాడు?" అంటూ పొద్దున్నే గుమ్మంలోంచి తల దూర్చాడు.

"మరి? ఇవాళ అద్దంలో ఆ మీసాన్ని బాగా చూసుకో. రేపు కనబడదు."

"మీవాడు ఒక్కసారి గెలవనీండి, నా చేత్తో నేనే గీసేసుకుంటా. ఆ భాగ్యం కోసమే ఏటా ఇంకాస్త పెంచుతున్నా!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. "నవ్వించకండి, నవ్వించకండి," అంటూ జాగ్రత్తరావు టైలర్ని మెట్ల దాకా సాగనంపాడు.

మధ్యాహ్నం పందెం మొదలైంది. అన్నీ అనుకున్నట్టే జరిగాయి. నలుగురు ముందుకెళ్ళారు. గుంపు వెనక ఉండిపోయింది. తెర మీద పొద్దుతిరుగుడు పొలాలు, ఒక వంతెన, రోడ్డు పక్కన కుర్చీలేసుకుని ఊరికే చూస్తున్న జనం. జాగ్రత్తరావుకి ఆవులింతలొచ్చాయి. తండ్రికి మాత్రం రెప్ప పడటం లేదు.

"దొరికిపోతామని వాళ్ళకి తెలీదా నాన్నా?"

"ఎందుకు తెలీదు? మనకంటే బాగా తెలుసు."

"మరి ఎందుకు వెళ్ళడం?"

తండ్రి తెర మీంచి చూపు తిప్పలేదు. "పట్టుకునేదాకా ముందున్నట్టే కదరా," అన్నాడు.

ఆ మాట జాగ్రత్తరావుకి పందెం గురించి అన్నట్టుగా వినిపించలేదు. లేచి, తండ్రి వీపు వెనక దిండు సరిచేశాడు. అది సరిగ్గానే ఉంది.

ఊరు దగ్గరపడేసరికి నలుగురిలో ముగ్గుర్ని గుంపు మింగేసింది. నాలుగోవాడు మిగిలాడు. పాపం బక్కవాడు, భుజాలు అటూ ఇటూ ఊగిపోతున్నాయి. "వీడే మనవాడు," అన్నాడు తండ్రి. గుంపు ఎంత తొక్కినా మధ్యలో దూరం తరగడం లేదు. తండ్రి చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. అది చూసి కొడుకు గుండె దడదడలాడింది.

"నీళ్ళ మోటారు చూసొస్తా," అని మెట్ల దగ్గరున్న మీటర్ల బోర్డు దగ్గరికి పరుగెత్తాడు. ఇంత ముందుగా తీయాల్సి వస్తుందని అనుకోలేదు. ఏ స్విచ్చు ఎవరిదో పొద్దున చూసి పెట్టుకున్నది కాస్తా కంగారులో మరిచిపోయాడు. ఒకటి లాగాడు. కింద కుట్టుమిషను గొంతు పట్టుకున్నట్టు ఆగింది, దాంతోపాటు దుకాణంలో టీవీ, నలుగురైదుగురి హాహాకారం. ఇంకోటి లాగాడు. లిఫ్టు మూలిగి నిలిచిపోయింది. మూడోది లాగితే తన ఇంట్లో టీవీ ఆగింది. నుదురు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు.

"కరెంటు పోయిందిరా."

"అయ్యో, ఇప్పుడే పోవాలా!"

అంతలో టైలరు మెట్లన్నీ మింగుతూ పైకొచ్చాడు. "మాకూ పోయింది పెద్దాయనా! చివర్లో ఏమైంది?"

సిద్ధం చేసుకున్న మాట జాగ్రత్తరావు నోట్లోంచి దానంతటదే దొర్లింది. "ఎక్స్‌ప్రెస్సే గెలిచాడు. ఇప్పుడే ఫోన్లో చూశా."

టైలరు రెండు చేతులా మీసం మెలేసి, "చూశారా? మీసం పదిలం!" అని కేక పెట్టి, అందరికీ చెప్పడానికి కిందికి దూకాడు. తండ్రి మాత్రం "అలాగా" అని ఊరుకున్నాడు. కాసేపటికి మంచినీళ్ళు అడిగాడు. ఆయన ముఖంలో ఉద్వేగం ఏ కోశానా లేదు. జాగ్రత్తరావు కోరుకున్నదీ అదే. కానీ చూడటానికి ఎందుకో బావులేదు.

వంటింట్లో భార్య అతని చొక్కా పట్టుకుని పక్కకి లాగింది. చేతిలో ఫోను. "ఏం చెప్పారండీ ఆయనకి?" అంది గొంతు తగ్గించి. "గెలిచింది ఎక్స్‌ప్రెస్ కాదు. ఆ బక్కాయన. మావయ్యగారు గెలిచారు."

జాగ్రత్తరావు నీళ్ళ గ్లాసుతో అలాగే నిలబడ్డాడు. ఓటమికి ఏర్పాట్లు చేశాడు గానీ గెలుపు సంగతే అనుకోలేదు. ఇన్నేళ్ళకి ఒక్కసారి గెలిచిన మనిషికి ఓడిపోయావని తనే చెప్పాడు. ఇప్పుడు నిజం చెప్తే సంతోషం పట్టలేకపోతే? సంతోషం మాత్రం ఉద్వేగం కాదా?

"సాయంత్రం మెల్లిగా చెప్దాం. ముక్కలు ముక్కలుగా," అన్నాడు.

"గెలుపుని ముక్కలుగా ఎలా చెప్తారు?"

ఆ సంగతి ఆలోచించేలోపే బయట గంట మోగింది. ఆగి ఆగి, కోపంగా మోగింది.

"ఒరేయ్, లిఫ్టులో ఎవరో ఉండిపోయారు," అని తండ్రి హాల్లోంచి కేకేశాడు.

ఎవరో కాదు, నాడి చూడటానికి బయల్దేరిన డాక్టరమ్మ. జాగ్రత్తరావు మళ్ళీ బోర్డు దగ్గరికి పరుగెత్తాడు. తన ఇంటి స్విచ్చు మాత్రం ఎత్తకూడదు, ఎత్తితే టీవీ గుట్టంతా చెప్పేస్తుంది. మిగిలిన రెంట్లో ఒకటి ఎత్తాడు. కింద కుట్టుమిషను గుర్రుమంది. దుకాణంలో టీవీ కూడా వచ్చింది. వెంటనే పెద్ద గోల. రెండోది మొరాయించింది. పది నిమిషాలు కుస్తీ పడితే గానీ ఎక్కలేదు, అప్పుడు లిఫ్టు కదిలింది. తలుపు తెరుచుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది, చెమటతో తడిసి.

"ఈ స్విచ్చుల జోలికి వెళ్ళిందెవరండీ?"

"అదీ... నాన్నకి ఉద్వేగం రాకూడదని..."

ఆవిడ ఇంకేదో అనబోతుంటే మెట్ల మీద టైలరు కనిపించాడు. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, తల దించుకుని, ఒక్కో మెట్టే ఎక్కి వస్తున్నాడు. నిజం తెలిసిపోయిందని జాగ్రత్తరావుకి అర్థమైంది. చేతులు జోడించాడు.

"మీకు దణ్ణం పెడతా. లోపలికి వచ్చినా నోరు మాత్రం తెరవకండి."

టైలరు రుమాలు తీయకుండానే తలూపాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని అనుకోలేదు. జాగ్రత్తరావు ఊపిరి పీల్చుకుని దారిచ్చాడు.

టైలరు తిన్నగా పెద్దాయన కుర్చీ ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఇచ్చిన మాట ప్రకారం నోరు తెరవలేదు. రుమాలు మాత్రం తీశాడు. ముక్కు కింద, పండగ అయిపోయాక పందిరి విప్పేసిన వాకిలిలా, ఏమీ లేదు.

జాగ్రత్తరావు ఒక్క గెంతున వెళ్ళి తండ్రి మణికట్టు పట్టుకున్నాడు. "నాన్నా, మెల్లిగా... మెల్లిగా!"

తండ్రి టైలరు ముఖాన్ని చాలాసేపు చూశాడు. "పాపం, నీకు పై పెదవి ఉందన్న సంగతే ఇన్నాళ్ళూ తెలీలేదయ్యా," అన్నాడు. తర్వాత కొడుకు చేతిని మెల్లిగా విడిపించుకున్నాడు. "నాకప్పుడే తెలుసురా. నువ్వు కరెంటు తీసేముందు చూశాగా, గుంపులో ముందున్నవాళ్ళు తొక్కడం ఆపి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అలా చూసుకున్నారంటే ఇక పట్టుకోలేరు."

"తెలిస్తే మరి అలాగా అని ఊరుకున్నావేం?"

"నా గుండె కోసం నువ్వంత కష్టపడుతుంటే, మధ్యలో నేను గెలిచానని ఎలా చెప్పను? అబద్ధం చెప్పేటప్పుడు చిన్నప్పటిలాగే నీ చెవులు ఎర్రబడ్డాయి. దడ పుట్టింది అది చూసే. ఇన్నేళ్ళు ఓడిపోతుంటే ఆగని గుండె ఒక్క గెలుపుకి ఆగుతుందటరా, పిచ్చోడా!"

డాక్టరమ్మ పెద్దాయన నాడి చూసింది. గడియారంలా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే, గోడ పట్టుకుని నిలబడ్డ జాగ్రత్తరావు తెల్లగా పాలిపోయి ఉన్నాడు. సోఫాలో కూర్చోబెట్టి, తండ్రి కోసం తెచ్చిన బీపీ పట్టీని కొడుకు చేతికి చుట్టింది. యంత్రంలో అంకె చూసి ఆవిడ కనుబొమలు పైకి లేచాయి.

"అన్నీ తినచ్చు, మెల్లిగా నడవచ్చు," అంది. "ఉద్వేగం మాత్రం వద్దు."

భార్య వెళ్ళి స్విచ్చు ఎత్తింది. బక్కవాడు గెలుపు గీత దాటడాన్ని టీవీ మళ్ళీ మళ్ళీ చూపించింది. తండ్రి, నున్నటి ముఖంతో టైలరు, చేతికి పట్టీతో జాగ్రత్తరావు ఒకే సోఫాలో ఇరుక్కుని చూశారు. మూడోసారి చూపించినప్పుడు, చివర ఏమవుతుందో తెలిసి కూడా, జాగ్రత్తరావు తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి నాడి కోసం కాదు.

మర్నాటి పందెం కొండదారిలో. పెద్దాయన టీవీ ముందు కూర్చుని, పక్కగదిలో పడుకున్న కొడుకు ఆరోగ్యం దృష్ట్యా, సౌండు పూర్తిగా తగ్గించేశాడు.