వట్లూరు స్థలం, కలిదిండి తీర్మానం

ఆదివారం పొద్దున్నే కనకరత్నం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇడ్లీలు ఎంతమందికి చెప్పాలో తేల్చుకోలేక వరండాలో నిలబడ్డాడు. ఏలూరు బజారులో రంగుల దుకాణం నడిపే ఆయన, వట్లూరులోని తమ కాలనీ సంఘానికి అధ్యక్షుడు కూడా. కాలనీ మధ్య చెత్తతో నిండిన ఖాళీ స్థలాన్ని ఏం చెయ్యాలో ప్రజలే తేల్చుకోవాలని ఆ రోజు కమ్యూనిటీ హాల్లో సమావేశం పెట్టారు. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు వస్తోంది. నలభై మందైనా రాకపోతే నిధులు వేరే కాలనీకి వెళ్ళిపోతాయి. కనకరత్నానికి అక్కడ పార్కు కావాలి. అంతకంటే ముందు నలభై మంది కావాలి.

"యాభై మందికి చెప్పనా?" అని భార్య సత్యవేణిని అడిగాడు.

"కిందటిసారి మీటింగుకి మీరూ నేనే ఉన్నామండీ. నేనైనా మీరు మర్చిపోయిన తాళంచెవి ఇవ్వడానికొచ్చాను."

"ప్రజాస్వామ్యంలో ప్రజల మీద నమ్మకం ఉండాలి."

"ఉంచండి. ఇడ్లీలు మాత్రం పదిమందికి చెప్పండి."

ఆయన యాభై మందికే చెప్పాడు.

సమావేశం వేళకి హాల్లో ఇడ్లీలున్నాయి, గోడకి స్థలం పటం ఉంది, కుర్చీలున్నాయి. మనుషులు లేరు. ఆఫీసరు తేజస్వి అటునుంచి అటే తాడేపల్లిగూడెంలో పెళ్ళికి వెళ్ళాలని పట్టుచీర కట్టుకుని, నిండుగా పైట కప్పుకుని వచ్చింది. "కాసేపు చూస్తానండీ, ఆ తర్వాత నా చేతుల్లో లేదు," అంది.

అంతలో గేటు ముందు ఓ బస్సు ఆగింది. మంచి బట్టల్లో జనం బిలబిలమంటూ దిగారు. ముందు దిగిన తెల్లమీసాల పెద్దాయన, "ఫంక్షను ఇక్కడేనాండీ?" అని అడిగాడు.

"ఇక్కడేనండీ. మీకోసమే చూస్తున్నాం," అన్నాడు కనకరత్నం. ఆయనకి కళ్ళు చెమర్చాయి. కాలనీ వెనక కొత్త లేఅవుట్లో ఇళ్ళు పడ్డాయని విన్నాడుగానీ, వాళ్ళకి ఇంత చైతన్యం ఉందని అనుకోలేదు.

నిజానికి వాళ్ళు కలిదిండి నుంచి వచ్చిన చేపల చెరువుల రైతులు. బంధువులబ్బాయి ప్రదీప్ నిశ్చితార్థానికి పక్కవీధిలోని ఫంక్షన్ హాలుకి వెళ్ళాల్సినవాళ్ళు. పెళ్ళికొడుకు, అతని తల్లిదండ్రులు కారులో ముందే అక్కడికి చేరారు. బస్సులో వచ్చినవాళ్ళలో ఒక్కరూ పెళ్ళికూతుర్ని ఇంతవరకూ చూడలేదు.

ప్రదీప్ లోపలెక్కడో ముస్తాబవుతున్నాడనుకుని అందరూ ఇడ్లీలు తిని కూర్చున్నాక తేజస్వి లేచి దణ్ణం పెట్టింది. పెద్దాయన తాతాజీ పక్కనే కూర్చున్న ఆయన భార్య వెంకటనరసమ్మ ఆమెని తేరిపార చూసి, "పిల్ల కుదురుగా ఉంది," అంది.

"ఇది మీ అందరి భవిష్యత్తుకి సంబంధించిన విషయం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే మొహమాటపడకుండా ఇప్పుడే చెప్పండి," అంది తేజస్వి మైకులో.

"మాకేం అభ్యంతరం లేదమ్మా. నీకిష్టమేనా?" అంది వెంకటనరసమ్మ.

ఉద్యోగంలో చేరాక తేజస్విని ఆ మాట ఎవరూ అడగలేదు. "నా ఇష్టంతో పనిలేదండీ. పెద్దవాళ్ళు, మీరెలా అంటే అలాగే," అంది మనసు కరిగి.

సభలో ఆడవాళ్ళందరూ తృప్తిగా తలలూపారు.

తర్వాత ఆమె పటం చూపించి, ఈ ముప్పై సెంట్లలో ఏం వస్తే బాగుంటుందని అడిగింది. నిశ్చితార్థంలో పటం ఎందుకో తాతాజీకి అర్థం కాలేదు. కానీ స్థలం చూపించి ఏం చెయ్యమంటారని అడిగితే కలిదిండిలో ఎవరైనా చెప్పే మాట ఒకటే.

"చెరువు తవ్వించండమ్మా. పల్లమేగా?"

"ఆ, వానొస్తే నీళ్ళన్నీ అక్కడే నిలబడతాయండీ."

"మరింక ఆలోచనెందుకు?"

కనకరత్నం గాభరాగా లేచాడు. "పార్కు గురించి కూడా ఒకసారి..."

"పార్కులో ఏం పెంచుతారండీ?" అని తాతాజీ మర్యాదగా అడిగాడు. కనకరత్నం మెల్లగా కూర్చున్నాడు. చెరువుకి ఒప్పుకున్నవాళ్ళని తేజస్వి చేతులెత్తమంది. హాలంతా చేతులే. ప్రజాభిప్రాయానికి ఎదురు వెళ్ళలేక కనకరత్నం కూడా మోచేతిదాకా ఎత్తాడు.

పెరుగు ప్యాకెట్టుకి వెళ్తున్న కిరణ్ కుమార్ అనే కాలనీవాసి ఇదంతా కిటికీలోంచి చూశాడు. బయటివాళ్ళెవరో మన స్థలంలో చేపల చెరువు వేసుకుంటున్నారని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఇన్నేళ్ళుగా ఏ సమావేశానికీ రాని కాలనీ మొత్తం లుంగీలతో, నైటీలతో, ఒకాయన నోట్లో బ్రష్షుతో, హాల్లోకి వచ్చిపడింది.

"అసలు మీరెవరండీ?" అని నిలదీశాడు కిరణ్ కుమార్.

"పెళ్ళికొడుకు తరఫు వాళ్ళమండీ," అన్నాడు తాతాజీ.

"పెళ్ళెవరికి?"

వెంకటనరసమ్మ వేలు చూపించింది. "అదిగో, మైకు పట్టుకున్న పిల్లకి."

"నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలండీ," అంది తేజస్వి. మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట వీధి చివరిదాకా వినిపించింది.

వెంకటనరసమ్మ నెమ్మదిగా, "ఈ సంగతి ప్రదీప్‌కి తెలుసాండీ?" అని కనకరత్నాన్ని అడిగింది.

తప్పిపోయిన చుట్టాల కోసం వెతుక్కుంటూ అసలు పెళ్ళికూతురి తండ్రి చెమటలు కక్కుతూ వచ్చాకగానీ చిక్కు విడలేదు. కలిదిండివాళ్ళు ఇడ్లీలు బాగున్నాయని చెప్పి, క్షమించమని అడిగి వెళ్ళారు.

తేజస్వి తీర్మానం కాగితం చించేసి కాలనీవాళ్ళ వైపు తిరిగింది. "ఇంతమంది వచ్చారు కాబట్టి ఇప్పుడు మీరు చెప్పండి."

పార్కు అంటే దోమలన్నారు. షటిల్ కోర్టు అంటే పక్కింటావిడ తన కిటికీ అద్దాల మాటేమిటంది. కార్ల పార్కింగ్ అంటే కార్లు లేనివాళ్ళు లేచారు. వాటర్ ట్యాంకు అంటే దాని నీడ తన డాబా మీద పడుతుందని బ్రష్షాయన బ్రష్షు తీసి మరీ చెప్పాడు. ఎవరి ప్రతిపాదనకి వాళ్ళ చెయ్యే లేచింది. కనకరత్నం పార్కుకి సత్యవేణి కూడా ఎత్తలేదు. ఆవిడ షటిల్ కోర్టు వైపు ఉంది.

తేజస్వి విసిగిపోయి, "పోనీ, చెరువు?" అంది.

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. చెరువు వల్ల మేలేమిటో ఎవరికీ తెలియదు. కానీ అది పక్కింటివాళ్ళ ఆలోచన కాదు. చేతులన్నీ లేచాయి.

చెరువు కమిటీకి అధ్యక్షుడెవరన్న దగ్గర మళ్ళీ రగడ మొదలైంది. ఏ పేరు చెప్పినా ఎదురింటివాళ్ళు పడనివ్వలేదు. చివరికి సత్యవేణి చెప్పిన పేరుకి ఎవరూ అడ్డురాలేదు. కనకరత్నం పక్కవీధి ఫంక్షన్ హాలుకి పరుగెత్తి, భోజనం చేస్తున్న తాతాజీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ కాలనీలో మనుషులెవరూ లేరాండీ?" అన్నాడు తాతాజీ, ముద్ద ఆపి.

"ఉన్నారండీ. అదే ఇబ్బంది."

తాతాజీ ఎన్నిక ఏకగ్రీవమైంది. కాలనీలో ఆయనకి ఇల్లు లేకపోవడాన్నే ప్రధాన అర్హతగా తీర్మానంలో రాశారు.