మాధవి యాడుంటాది?

ఈస్టరు తెల్లవారుజామున పెళ్లాం మహిమ సమాధి మీద ఆమెకిష్టమైన పూలు పెట్టాలని ఏసేపు పండక్కి వారం ముందే, చద్దన్నం ముందు కూర్చుని నిశ్చయించుకున్నాడు. చిక్కల్లా ఆ పూల పేరు తెలియకపోవడమే. ఏటా ఎండాకాలంలో మహిమ అడవి నుంచి కట్టెలతో పాటు ఆ పూలూ తెచ్చుకునేది. అవి తల్లో ఉంటే ఇల్లంతా వాసన. తీగకు పూస్తాయి, తెల్లగా ఉంటాయి. అతనికి తెలిసింది అంతే. పోయిన వానాకాలంలో జ్వరం ఆమెను తీసుకుపోయింది. మరదలు ప్రేమజ్యోతిని అడగవచ్చు. కానీ పెళ్లాం పెట్టుకునే పువ్వు పేరు తెలియదని చెప్పుకోవడానికి అతనికి మొహం చెల్లలేదు.

మేకలు తోలుకుపోతున్న పక్కింటి వీరభద్రను ఆపి ఆనవాళ్లు చెప్పాడు.

"తెల్లగా, వాసనగా, తీగకా? మాధవే అప్పా అది. అడవి దావలో ఉండాది" అని వీరభద్ర మేకల వెంట వెళ్లిపోయాడు.

అడవి దారిలో ఎక్కడన్న అనుమానం ఏసేపుకు సుందరం టీ కొట్టు దగ్గర వచ్చింది. వెంటనే వీరభద్రకు ఫోన్ చేశాడు. సిగ్నల్ సరిగా లేదు కాబట్టి అరిచాడు.

"మాధవి యాడుంటాదో సరిగ్గా చెప్పకపోతివే! వాగు గట్టునా? ఎండ తగిలితే వాడిపోతాదా? అయితే శనివారం పొద్దున్నే పోయి తెచ్చుకుంటా. మహిమ కాడికే తీస్కపోతా!"

అది వింటున్న సుందరం చూసుకోక, టీ పొంగి పొయ్యిలో పడింది.

ఆ మాట పిండిమర చేరేసరికి మాధవి తెల్లని మనిషి అయింది. చర్చి చేరేసరికి ఏసేపు పెళ్లాం అయింది. పొరుగూళ్లో ఉన్న ప్రేమజ్యోతి చెవిన పడేసరికి, కొత్త పెళ్లాంతో పాత పెళ్లాం సమాధికి దండం పెట్టించబోతున్నాడని తేలింది.

శనివారం ఉదయం వాగు గట్టున ఆటో ఆగింది. ప్రేమజ్యోతి దిగింది. వెనకే పాస్టరు హెన్రీ అయ్యగారు దిగారు.

"ఏడాదన్నా తిరగలేదే బావా! యాడుండాది అది? బయటికి రమ్మను!"

"ఎవర్ని?"

"మాధవిని!"

ఏసేపు అయోమయంగా పైకి చూపించాడు. "ఆడ, చెట్టు మీద."

"చెట్టెక్కించినావా?" అన్నారు అయ్యగారు, కళ్లద్దాలు సర్దుకుని పైకి చూస్తూ.

పైన తీగ తప్ప ఎవరూ లేరు. ఏసేపు చేతిలోని పూలు చాపాడు. "మహిమ పూలు జ్యోతమ్మా. రేపు సమాధి మీద పెడదామని."

ప్రేమజ్యోతి కోపం ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. ఒక పువ్వు తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇది కాదు బావా" అంది మెల్లగా. "దీనికి చూడు, ఒక రేకు పసుపుగా ఉండాది. అంచులన్నీ కుచ్చులు. అక్క పెట్టుకునేది మొత్తం తెలుపు. అడవిమల్లి."

ఏసేపు గట్టు మీద కూలబడ్డాడు.

"ఆ తల పక్కనే పండుకుంటిని గదమ్మా ఇన్నేండ్లు. ఏం పువ్వో చూడకపోతిని."

మహిమకు మట్టి ఇచ్చిన రోజు కూడా ఏడవని మనిషి, భుజాలు అదిరిపోయేలా ఏడ్చాడు. అయ్యగారు వాగు వైపు తిరిగి నిలబడ్డారు. ప్రేమజ్యోతి పక్కనే కూర్చుని, అతని చేతిలోంచి జారిన పూలను కొంగులోకి ఏరుకుంది.

"రేపటికి ఇవే పెడదాం. మల్లి ఎండలు ముదిరితే గానీ పూయదు. అప్పుడు నేనే కోసుకొస్తా" అని కళ్లు తుడుచుకుంది. "నువ్వు మాత్రం మల్లి యాడుంటాదని ఎవర్నీ అడగొద్దు బావా."