పురుగు ఆకారంలో ఖాళీ

పది కోట్ల ఏళ్లు వానకూ వరదకూ భూకంపానికీ చెక్కుచెదరని ప్రోటీన్, ప్రాచీన పదార్థాల పరిరక్షణ కార్యాలయంలో ఆరేళ్లున్నాక మాయమైందని మంగళవారం ఉదయం పదకొండు గంటలకు అధికారికంగా తేలింది. పదకొండుంబావుకు గేట్లు మూశారు. పదకొండున్నరకు అనుమానితురాలు దొరికింది.

ఆమె ల్యాబ్ అసిస్టెంట్. పదకొండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. శుక్రవారం పర్మనెంటు కావలసి ఉంది.

పోయిన సొత్తు సంగతి చెప్పాలి. చెట్టు జిగురు యుగాల తరబడి గట్టిపడి రాయిలా మారితే దాన్ని అంబర్ అంటారు. గోళీ అంత అంబర్ ముక్కలో ఒక పెంకుపురుగు ఇరుక్కుని ఉండేది. దాని ఒంట్లో ఇంకా ప్రోటీన్ మిగిలి ఉండడమే వింత. ఇప్పుడు అంబర్ ఉంది, పురుగు లేదు. పురుగు ఆకారంలో ఖాళీ ఉంది. (ఖాళీ మాత్రం బహు భద్రంగా ఉంది.)

"నిజం చెప్పమ్మా, ఎవరికి అమ్మావ్?" అన్నాడు, పొద్దున తనిఖీకని వచ్చి విచారణాధికారిగా మారినాయన.

"కంటికి కనబడని ప్రోటీన్‌ని ఎవరు కొంటారండీ?"

"కనబడదు కాబట్టే అనుమానం."

స్టోర్‌కీపర్ కలగజేసుకున్నాడు. "ఆ పిల్లనెందుకు సార్ అంటారు? ఏసీ మెకానిక్కుని అడగండి."

"నువ్వూరుకో బాబాయ్," అంది ఆమె. "ఫిర్యాదు చేసి నాలుగేళ్లయింది. అతనింకా రానేలేదు."

మెకానిక్కును నిర్దోషిగా వదిలేశారు. గోడమీది బల్లి వాంగ్మూలం తీసుకోలేదు. (అది కార్యాలయ సిబ్బంది కిందికి రాదు.)

విచారణాధికారి ఇక ఆగలేదు. టైపిస్టును పిలిచి ఉత్తర్వు చెప్పాడు. "ఈ సొత్తు మీద ఆఖరి సంతకం ఎవరిదో, వారిని తక్షణం సస్పెండ్ చేయడమైనది. పేరు దగ్గర ఖాళీ వదులు. రిజిస్టర్ చూసి నింపుదాం. చట్టం ముందు అందరూ సమానం."

"అయితే నా పేరు రాదండీ," అందామె. "తాత్కాలికం వాళ్లకి సంతకం పెట్టే అధికారం లేదుగా."

విచారణాధికారి ఫ్యాను వేగం పెంచమన్నాడు.

ఇక్కడ పద్నాలుగో నిబంధన గురించి రెండు మాటలు. కొత్తగా బాధ్యత తీసుకునే ప్రతి అధికారీ, వస్తువు ఉన్నట్టు స్వయంగా నిర్ధారించుకున్నాకే సంతకం చేయాలి. ప్రోటీన్ ఉందని తేలాలంటే పురుగులోంచి తునక చెక్కి, ఆసిడ్‌లో కరిగించి, యంత్రంలో పెట్టాలి. కరిగింది మళ్లీ రాదు. (నిబంధన రాసినవారి దృష్టిలో ఉన్నవి కుర్చీలు, బల్లలు.) పురుగు బాధ్యత చూసే అధికారి కుర్చీలోకి ఆరేళ్లలో పద్దెనిమిది మంది బదిలీ మీద వచ్చారు. అందరూ నిజాయితీపరులే. ఒక్కరూ చూడకుండా సంతకం పెట్టలేదు.

"చదువు," అన్నాడు విచారణాధికారి.

ఆమె రిజిస్టర్ తెరిచింది. మొదటి అధికారి, పురుగు కుడి మీసం. ఉంది, సంతకం. రెండో అధికారి, ఎడమ మీసం. ఉంది, సంతకం. తొమ్మిదో ఆయన దగ్గరికి వచ్చేసరికి కాళ్లయిపోయాయి. పద్దెనిమిదో ఆయన పొట్టలో సగం.

"ఆ పద్దెనిమిదో వాడే దొంగ! రాసుకో టైపిస్టూ!"

"ఆగండి సార్. ఆ మిగతా సగం..."

"ఏమైంది?"

"పదిహేనో నిబంధన. తనిఖీకి గానీ విచారణకి గానీ వచ్చినవారు ముందు సొత్తును తమ స్వాధీనంలోకి తీసుకోవాలి. పద్నాలుగో నిబంధన ప్రకారం." ఆమె పేజీ తిప్పింది. "ఇవాళ పొద్దున పది గంటలు. తనిఖీకి వచ్చి మీరు టీ తాగుతున్నారు. చెక్కమంటారా అని అడిగాను. ఊఁ, కానివ్వు అన్నారు. ఉంది, సంతకం. పదకొండింటికి మళ్లీ చూద్దామన్నారు. చూడ్డానికేమీ మిగల్లేదు."

టైపిస్టు ఖాళీ దగ్గర వేలు ఆపి తలెత్తాడు. "పేరు ఎవరిదని కొట్టమంటారు సార్? కొంచెం గట్టిగా చెప్పండి, ఫ్యాను మోతలో వినబడదు."

విచారణాధికారి గొంతు సవరించుకున్నాడు. నిబంధనను గౌరవించే మనిషి.

"నాదే," అన్నాడు గట్టిగా.