ఫిదేలా, అన్నం మాడుతోందే

అత్తగారి సంవత్సరీకం నాటి ఉదయం అర్సేనియో మనసులో పెట్టుకున్న పని ఒక్కటే, పెళ్లాన్ని సంతోషపెట్టడం. ఇలాంటి పనులు అతనికి అచ్చిరావని ఫిలిప్పీన్స్‌లోని లూక్‌బాన్‌లో వాళ్ల వీధి వీధంతటికీ తెలుసు, అతనికి తప్ప.

ఏడాదిగా కట్టిన నల్లబట్టలు ఫిదేలా ఆ రోజు విడవాలి. చుట్టాలు భోజనాలకు వస్తారు. తిన్నాక అందరూ కూర్చుని టేపు వింటారు. ఫిదేలా పెళ్లికి ముందు రేడియోకు టేప్‌రికార్డర్ ఆనించి పట్టిన పాత ప్రేమపాట అది. రెండో చరణం అయ్యాక వయొలిన్ ఆగుతుంది. గాయకుడు పైస్థాయి అందుకునే ముందు ఊపిరి పీల్చుకుంటాడు. సరిగ్గా ఆ ఖాళీలో వంటింట్లోంచి కేక: "ఫిదేలా, అన్నం మాడుతోందే." పోయిన అత్తగారు కండీదా అమ్మ గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ కేకలోనే. ఆ ఇంటివాళ్లు ఆ పాట ఎక్కడ పాడినా, పెళ్లి విందులో పాడినా సరే, ఆ ఖాళీ రాగానే అందరూ కలిసి అన్నం మాడుతోందని అరుస్తారు. అది లేకపోతే పాట పాడినట్టే కాదు.

టేపు పాతబడి గరగరలాడుతోంది. ఫిదేలా సంతకు వెళ్లగానే అర్సేనియో దాన్ని రేడియోలు బాగుచేసే బెర్నాబే దగ్గరికి పట్టుకెళ్లాడు. "రొదంతా తీసెయ్. పాట అద్దంలా ఉండాలి," అన్నాడు.

అద్దంలాగే వచ్చింది. వయొలిన్ ఆగింది, గాయకుడు ఊపిరి పీల్చాడు, పైకి వెళ్లిపోయాడు. మధ్యలో ఎవరూ ఏమీ అనలేదు.

"ఇక్కడ కేక ఏది?" అన్నాడు అర్సేనియో.

"అదే కదన్నా అసలు రొద," అన్నాడు బెర్నాబే గర్వంగా. "ఎవరో ముసలమ్మ, మంచి పట్టులో ఉండగా గోల. అందుకే నా దగ్గరున్న శుభ్రమైన పాటే ఎక్కించేశాను."

"పాతది?"

"దాని మీదే ఎక్కించాను. కొత్త టేపులు ఇప్పుడెక్కడ దొరుకుతాయి?"

అర్సేనియో ఇంటికొచ్చాడు. అత్తగారు ఏడాది కిందట పోతే, ఈ పూట తనే మళ్లీ పాతిపెట్టి వచ్చినట్టు అనిపించింది. ఏడుద్దామంటే సిగ్గేసింది. విందుకు అన్నం వండటం అతని వంతు కాబట్టి దేక్సా పొయ్యి మీదికి ఎక్కించి, రెండిళ్ల అవతలున్న సలూద్ దగ్గరికి నడిచాడు.

సలూద్ కండీదా అమ్మ చెల్లెలు. అక్కకు శవపేటికలో పాపిడి తప్పు వైపు తీశారని అందరి ముందూ అనేసింది. తీసింది ఫిదేలా. అప్పట్నుంచి మాటల్లేవు, ఈ భోజనానికి పిలుపూ లేదు.

"ఒక్క కేక వెయ్యండత్తయ్యా. అచ్చం మా అత్తగారి గొంతే మీది."

"ఏడాదిగా గుమ్మం తొక్కనివ్వని ఇంట్లో అరవాలా అల్లుడూ?"

"పెరట్లో అరవండి. పెరటికి గుమ్మం లేదుగా."

సలూద్ చెప్పులేసుకుంది.

టేపు తిరుగుతూ ఉండగా సరిగ్గా ఆ ఖాళీలోనే రికార్డింగు మీట నొక్కాలి. అర్సేనియో వేలు ఒకసారి ముందే పడింది, ఒకసారి పాట మీదే పడింది. సలూద్ మటుకు ఊరికే అరుస్తూనే ఉంది. కుర్చీలు ఎరువివ్వడానికి వచ్చిన పొరుగింటి మెల్చోరా కంచె అవతల ఆ గొంతు విని, కుర్చీలు అక్కడే పారేసి పరుగెత్తింది.

ఫిదేలా సంత నుంచి వచ్చేసరికి వాకిలి నిండా ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని జపమాలలు తిప్పుతున్నారు.

"మీ అమ్మ వచ్చిందే," అంది మెల్చోరా. "అన్నం మాడుతోందని పదేపదే చెబుతోంది. పోయినా ధ్యాసంతా పొయ్యి మీదే, పాపం."

ఫిదేలా పెరట్లోకి నడిచింది, ఆమె వెనకే వాకిలంతా కదిలింది. రికార్డర్ పట్టుకుని మొగుడు, పక్కన నోరు తెరిచి సలూద్. అర్సేనియో ఉన్నదంతా చెప్పేశాడు.

"అమ్మ గొంతు తుడిపించేశావా?" అంది ఫిదేలా. గట్టిగా కూడా అనలేదు. అరిచి తిడితే బాగుండేదనుకున్నాడతను.

"అల్లుణ్ణేమీ అనకే," అంది సలూద్. "అది మీ అమ్మ గొంతు కాదు. నువ్వు పాట పట్టిన పొద్దున అక్క చర్చికి పోతూ వంట నాకప్పజెప్పింది. రేడియోకు అతుక్కుపోయి నువ్వది చూళ్లేదు. అరిచింది నేను."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"అది తన గొంతేనని అక్క మురిసిపోయేది. అన్నం మాడిందని రోజూ అరిచే మనిషి, ఏ కేక టేపులో పడిందో తనకేం గుర్తు? ఆవిడ పోయాక చెబుదామంటే నువ్వు నాతో మాట్లాడితేగా."

ఫిదేలా అక్కడే బోర్లించిన కుండ మీద కూలబడింది. అమ్మ గొంతు ఎక్కడా లేదు, ఏనాడూ లేదు. ఏడాదిగా తను ఏ గొంతు విని ఏడ్చిందో, ఆ గొంతు మనిషి రెండిళ్ల అవతల ఒంటరిగా తింటూ ఉంది. ఆ ఏడాది ఇక తిరిగి రాదు.

"పాపిడి నేనే తప్పు తీశాను పిన్నీ," అంది. "ఎదురుగా నిలబడి తీశాను, కుడి ఎడమలు తారుమారయ్యాయి."

సలూద్ ఆమె తల నిమిరింది. ఏం చేయాలో తోచని మెల్చోరా సన్నగా ఆ పాట ఎత్తుకుంది. మిగతా ఆడవాళ్లు కలిశారు. రెండో చరణం అయింది. ఎప్పుడూ అరిచేవాళ్లంతా నోళ్లు మూసుకుని సలూద్ వైపు చూశారు.

సలూద్ వాసన పీల్చి, వంటింటి వైపు తిరిగింది. "ఫిదేలా, అన్నం మాడుతోందే."

ఫిదేలా కళ్లు మూసుకుంది. "ఇంకోసారి పిన్నీ."

"నిజంగా మాడుతోందే."

"ఇంకొక్కసారి," అన్నారు అందరూ.

ఆ రోజు కండీదా అమ్మ ఆత్మకని విడిగా పెట్టిన పళ్లెంతో సహా అందరి పళ్లేల్లోనూ మాడిన అన్నమే.